బొమ్మ గళ్ళు పడుతోందా? ముందు ఇంట్లో ఇవి చూసుకోండి

పాత రోజుల్లో కేబుల్ సిగ్నల్ తగ్గితే తెర మీద చుక్కలు పడేవి. ఇంకాస్త తగ్గితే ఇంకొన్ని చుక్కలు. ఆ చుక్కల్లోంచే జనం సినిమా మొత్తం చూసేసేవారు. కేబుల్ టీవీ డిజిటైజేషన్ మూడో దశకి 2015 డిసెంబర్ 31 గడువు పెట్టారు, విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్ళు అందులోనే ఉన్నాయి. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక చుక్కలు పోయాయి. డిజిటల్ తీరు వేరు. సిగ్నల్ ఒక హద్దు దాకా తగ్గుతూ వచ్చినా బొమ్మ తేటగానే ఉంటుంది. ఆ హద్దు దాటిందంటే గళ్ళు పడుతుంది, నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే బిగుసుకుపోతాడు, మాట తెగుతుంది, చివరికి నల్లతెర.

"రాత్రి దాకా బ్రహ్మాండంగా వచ్చిందండీ, పొద్దున్నే పోయింది" అని మాతో అనని ఇల్లు లేదు. వాళ్ళు అబద్ధమాడరు. కానీ ఆ లైను నెలల తరబడి కొంచెం కొంచెంగా చెడుతూనే ఉండి ఉంటుంది. హద్దు దాటింది మాత్రం ఆ పొద్దున.

నేను విజయవాడలో కేబుల్ లైన్ పని చేస్తాను. సత్యనారాయణపురం ఇరుకు సందులు, సింగ్ నగర్, గుణదల వైపు కొండ మీద ఇళ్ళు, అన్నీ తిరుగుతాను. నేను చూసినంతలో ఇంటి లోపల వచ్చే తేడాల్లో ఎక్కువ భాగం జాయింట్ల దగ్గరే. వైరు మధ్యలో దానంతటది చెడిపోవడం అరుదు. ఎలకో, ఉడతో, ఫొటో తగిలించడానికి మేకు కొట్టినవాళ్ళో కారణమై ఉంటారు. అందుకని కింద చెప్పేదంతా జాయింటు దగ్గరికి దారి వెతకడమే. పెద్ద సామాను అక్కర్లేదు. ఒక టార్చి, పొడి గుడ్డ, బ్లేడు, కొత్త కేబుల్ పిన్నులు (వైరు చివర బిగించే కనెక్టర్లు) రెండు మూడు ఉంటే చాలు.

తెర మీద ఏముందో ముందు చదవండి

"నో సిగ్నల్" అనే మాట రెండు చోట్ల నుంచి రావచ్చు. టీవీ అనేది ఒకటి, బాక్సు అనేది ఒకటి. తేల్చుకోవడం తేలిక. కేబుల్ బాక్సు రిమోట్ తీసుకుని మెనూ బటన్ నొక్కండి. బాక్సు మెనూ తెర మీదికి వచ్చిందంటే టీవీ బాగుంది, టీవీకీ బాక్సుకీ మధ్య వైరు బాగుంది, తేడా కేబుల్ వైపు ఉంది. మెనూ కూడా రాకపోతే కేబుల్‌తో సంబంధం లేదు. టీవీ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి హెచ్‌డీఎంఐ 1, 2, ఏవీ ఒక్కొక్కటీ మార్చి చూడండి. పిల్లలు ఫోన్‌లో బొమ్మ టీవీకి పంపించి, ఆట అయిపోగానే సోర్స్ అలాగే వదిలేసి వెళ్ళిపోతారు. ఈ ఒక్క బటన్ నొక్కడానికి మేము మూడంతస్తులు ఎక్కిన సందర్భాలు ఎన్నో.

బాక్సు అసలు వెలగకపోయినా, తనంతట తనే ఆగి మళ్ళీ మొదలవుతున్నా అడాప్టర్ని అనుమానించండి. చాలా బాక్సులకి అది 12 వోల్టులది. అచ్చం అలాంటిదే పక్కింట్లో ఉంటే కాసేపు తెచ్చి పెట్టి చూడండి. అయితే దాని మీద వోల్టులూ ఆంపియర్లూ మీదానితో సరిపోవాలి. పిన్ను పట్టింది కదా అని రూటర్ అడాప్టర్ గుచ్చేయకండి.

ఇక "ఈ ఛానల్ మీ ప్యాకేజీలో లేదు" అనో, ఏదో నంబరుతో మెసేజో వస్తే అది డబ్బులదో, బాక్సు యాక్టివేషన్‌దో. వైర్లు పీకడం వల్ల లాభం లేదు. ఆ నంబరు, బాక్సు వెనక స్టిక్కర్ మీద నంబరు ఫొటో తీసి పంపితే మా వాళ్ళు ఆఫీసులోంచే రిఫ్రెష్ కొడతారు. బాక్సు ఆ సమయంలో ఆన్‌లో ఉండాలి, సరిగ్గా అప్పుడే ఆపేసేవాళ్ళు చాలామంది.

ఏ ఛానళ్ళు, ఏ టైములో, ఏ టీవీలో

గళ్ళు పడుతున్నప్పుడు బాక్సు మీద కొట్టకుండా ఒక పది నిమిషాలు గమనించండి. అన్ని ఛానళ్ళా, కొన్నేనా? అన్నీ అయితే ఎక్కడో పెద్ద దెబ్బ. కొన్ని మాత్రమే అయితే విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మీ గోడలోంచి వచ్చే ఆ ఒక్క వైరులో చాలా ఫ్రీక్వెన్సీలు పక్కపక్కన నడుస్తుంటాయి. ఒక్కొక్కటి 8 మెగాహెర్ట్జ్ వెడల్పు, దాదాపు 38 మెగాబిట్ల డేటా పడుతుంది. అందులో మామూలు ఛానళ్ళయితే పది పదిహేను, హెచ్‌డీ అయితే అంతకంటే బాగా తక్కువ కలిపి పంపిస్తాం. అందుకే పోయినప్పుడు గుంపుగా పోతాయి. ఛానల్ నంబర్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి ఒకే గుంపు కావు. పెద్దాయన భక్తి ఛానల్, పిల్లల కార్టూన్ ఛానల్ ఒకే గుంపులో ఉండొచ్చు. ఇంట్లో ఆ రెండే ఎందుకు పోయాయో అర్థంకాక బుర్ర పట్టుకుంటారు.

పొడవాటి వైరు, ఎక్కువ స్ప్లిటర్లు (ఒక వైరుని రెండు మూడుగా చీల్చే డబ్బాలు) ఉన్న ఇంట్లో ముందు దెబ్బతినేవి పై ఫ్రీక్వెన్సీలు. పిన్ను వదులైనా, లోపలి తీగ సరిగ్గా తగలకపోయినా కింది ఫ్రీక్వెన్సీలు పోవడం చూశాను. 700, 850 మెగాహెర్ట్జ్ దగ్గర మొబైల్ సిగ్నళ్ళు కూడా నడుస్తాయి. కేబుల్ 862 దాకా వాడుకుంటుంది. వైరు లోపల చుట్టూ ఉండే లోహపు పోగుల జల్లెడ సరిగ్గా లేకపోతే ఆ మొబైల్ సిగ్నల్ లోపలికి దూరుతుంది. బాక్సు వెనక ఫోన్ చార్జింగ్ పెట్టినప్పుడు, ఫోన్ మోగినప్పుడు మాత్రమే బొమ్మ చెదురుతోందా? ఫోన్ దూరంగా పెట్టి చూడండి. చెదరడం ఆగితే, ఆ చివరి అడుగు వైరు మార్చేయండి.

మెనూలో సిగ్నల్ లేదా సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు. అందరూ స్ట్రెంగ్త్ చూస్తారు, నేను క్వాలిటీ చూస్తాను. స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ ఊగుతుంటే చెత్త కలిసిన సిగ్నల్ అని లెక్క. మా చేతి మీటర్లో అయితే బాక్సు దగ్గర సిగ్నల్ బలం 55 నుంచి 65 డెసిబెల్ మైక్రోవోల్టుల మధ్య ఉండేట్టు, ఎంఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) 30 పైన ఉండేట్టు చూసుకుంటాం. మీ బాక్సు ఈ అంకెలు చూపిస్తే బాగా వచ్చే ఛానల్లో ఒకటి, చెడిన ఛానల్లో ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. చానళ్ళు రావట్లేదని ఆటో స్కాన్ కొట్టకండి. సిగ్నల్ బాగోలేనప్పుడు స్కాన్ చేస్తే ఆ క్షణంలో దొరకని ఛానళ్ళు లిస్టులోంచే పోతాయి, అప్పుడు మీకు రెండు సమస్యలు.

ఇంకో చిన్న సంగతి. మార్చి రెండో వారం ప్రాంతంలోనూ అక్టోబర్ మొదట్లోనూ పట్టపగలు కొన్ని నిమిషాలపాటు కొన్ని ఛానళ్ళు పోయి వాటంతటవే వచ్చేస్తాయి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడం వల్ల కంట్రోల్ రూమ్ డిష్‌ల మీద పడే దెబ్బ అది. ఊరంతా పోతుంది. వేచి ఉండడమే.

పిన్ను కథ

ఇప్పుడు అసలు పనికి వద్దాం. బాక్సు కరెంటు ప్లగ్ తీసేయండి. వెనక కేబుల్ పిన్ను విప్పండి, టార్చి వేసి లోపలికి చూడండి. మధ్యలో ఒంటి రాగి తీగ నిటారుగా, మెరుస్తూ, పిన్ను అంచు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. నల్లబడిందా, వంగిందా, లోపలికి పోయిందా? చుట్టూ ఉండే వెండి రంగు జల్లెడ పోగు ఒక్కటైనా వచ్చి మధ్య తీగని తాకుతోందా? ఆ ఒక్క పోగు చాలు, బొమ్మ మొత్తం పోవడానికి.

మొగల్రాజపురంలో మెట్ల మీద ఒక ఇల్లు. మామ్మగారు తలుపు తీస్తూనే "నాయనా, సీరియల్ టైముకే పోతోంది, ఎవరైనా కావాలని చేస్తున్నారా" అన్నారు. టీవీ వెనక చూస్తే పిన్నే లేదు. ఎవరో వైరు తొక్క వలిచి, తీగని నేరుగా బాక్సు రంధ్రంలో దూర్చి, అగ్గిపుల్ల ముక్క చెక్కారు. సాయంత్రం మామ్మగారి కోడలు ఊడుస్తూ ఆ బల్ల కాస్త జరుపుతుంది. అదే సీరియల్ టైము. "ఎవరూ కావాలని చెయ్యట్లేదు మామ్మగారూ, చీపురు తగులుతోంది" అన్నాను. కోడలు వంటింట్లోంచి నవ్వింది.

పిన్ను మీరే వేసుకోవచ్చు, కష్టం కాదు. పాత చివర ఒక అంగుళం కోసి పారేయండి. పై నల్ల తొడుగుని బ్లేడుతో మెల్లగా చుట్టూ గాటు పెట్టి దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు తీసేయండి. జల్లెడ పోగుల్ని వెనక్కి తొడుగు మీదికి దువ్వినట్టు మడవండి. వాటిని కోసి పారేయకూడదు, బయటి మొబైల్ సిగ్నళ్ళని ఆపేది అవే. తెల్లటి నురగ ప్లాస్టిక్‌ని చివరి వైపు సగం మేర తీయండి. ఇక్కడ తొందరపడకండి. బ్లేడు తీగ మీద గీరితే పైన ఉన్న రాగి పూత పోతుంది. చాలా వైర్లలో లోపల ఉండేది ఇనుమే, పైన రాగి పూత మాత్రమే. గీత పడినచోట మన ఊరి తేమకి తుప్పు పట్టి మళ్ళీ మీరే నన్ను పిలుస్తారు. తర్వాత పిన్నుని తొడిగి, తెల్ల ప్లాస్టిక్ పిన్ను లోపలి అడుగుకి సమంగా వచ్చేదాకా తిప్పుతూ నెట్టండి. తిప్పి బిగించే రకం ఇంట్లో పరవాలేదు. బయట ఎండావానల్లో ఉండే జాయింటుకి మాత్రం మా దగ్గర ఉండే పరికరంతో నొక్కి వేసే కంప్రెషన్ పిన్నే పెట్టించుకోండి. పిన్ను వైరు సైజుకి తగ్గది కావాలి. ఆర్‌జీ-59 సన్నది, ఆర్‌జీ-6 కాస్త లావు. లావు వైరు పిన్ను సన్న వైరుకి వేస్తే చేత్తో లాగితే వచ్చేస్తుంది.

బాక్సుకి బిగించేటప్పుడు చేతి వేళ్ళతో గట్టిగా తిప్పితే చాలు. పట్టకారతో బలం చూపిస్తే బాక్సు లోపలి సాకెట్టే తిరిగిపోతుంది, అప్పుడు బాక్సు మార్చాలి.

స్ప్లిటర్లు, బూస్టర్లు

ఇంటి గుమ్మం దగ్గరో, షోకేసు వెనకో చిన్న లోహపు డబ్బా ఉంటుంది. ఒక వైరు లోపలికి, రెండో మూడో బయటికి. అది స్ప్లిటర్. రెండుగా చీల్చేది ఒక్కో వైపు మూడున్నర నుంచి నాలుగు డెసిబెల్స్ తినేస్తుంది. మూడు డెసిబెల్స్ అంటేనే సిగ్నల్ సగం. నాలుగుగా చీల్చేది ఏడెనిమిది తింటుంది. దానికి తోడు ఆర్‌జీ-6 వైరు 100 అడుగులకి పై ఫ్రీక్వెన్సీల్లో ఇంకో ఐదారు. కొడుకు గదిలో టీవీ ఉందని ఒకటి, అది అమ్మేశాక కూడా అలాగే ఉన్నది ఒకటి, కింద అద్దెవాళ్ళు ఖాళీ చేసినా వదిలేసినది ఒకటి, ఇలా వరసగా మూడు స్ప్లిటర్లు దాటి వచ్చే ఇళ్ళు నేను రోజూ చూస్తాను. వాడని వాటిని తీసేయండి. వైరు కలపడానికి పిన్నులతో జోడించే జాయినర్ వాడండి, తీగలు మెలేసి టేపు చుట్టకండి.

పరీక్ష ఇదీ. బాక్సుని, ఏదైనా చిన్న టీవీని మోసుకెళ్ళి స్ప్లిటర్‌కి ముందు వచ్చే వైరుకి నేరుగా పెట్టండి. అక్కడ బొమ్మ శుభ్రంగా వస్తే తేడా మీ ఇంటి లోపలిది. అక్కడా గళ్ళు పడితే మా వైపుది. దీన్ని మించిన పరీక్ష నా మీటర్ కూడా చెయ్యదు. స్ప్లిటర్ మార్చేటప్పుడు దాని మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని ఉందో లేదో చూసి కొనండి. ఇన్ అని రాసినచోటే మా వైరు పెట్టాలి, తిప్పి పెట్టినా కొంత బొమ్మ వస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. ఖాళీగా వదిలేసిన రంధ్రానికి 75 ఓమ్స్ టర్మినేటర్ అని చిన్న మూత దొరుకుతుంది, అది బిగించండి.

బూస్టర్ మాత్రం కొనకండి. సిగ్నల్ తక్కువ అనగానే అందరి చూపూ దాని మీదే. గొణిగేవాడి మూతి దగ్గర మైకు పెడితే గొణుగుడే పెద్దగా వినపడుతుంది, బూస్టర్ చేసేదీ అంతే. చెత్తతో సహా పెంచుతుంది. పైగా కొన్ని ఇళ్ళలో రోగం తక్కువ సిగ్నల్ కాదు, ఎక్కువ సిగ్నల్. సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ ఉన్న స్తంభం పక్కనే ఇల్లుంటే బాక్సు తట్టుకోలేక గళ్ళు పడుతుంది. దానికి మందు అటెన్యుయేటర్, అంటే తగ్గించే ముక్క. నిజంగా పెంచాల్సి వస్తే శుభ్రమైన సిగ్నల్ ఉన్నచోట, మేడ మీద వైరు మొదట్లో, మీటర్ పెట్టి మేమే పెట్టాలి.

ఎండ, వాన, బుడమేరు

వాన పడ్డప్పుడే పోతే నీళ్ళు ఏదో జాయింటులోకి వెళ్తున్నాయి. మేడ మీద, గోడ బయట వైరు ఇంట్లోకి దూరేచోట చూడండి. వైరు రంధ్రంలోకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు వేలాడాలి, నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోవాలి. వంపు లేకపోతే చుక్క వైరు వెంట నడిచి నేరుగా మీ గోడలోకి, అక్కడ్నుంచి పిన్నులోకి వస్తుంది. గాలి వీచినప్పుడే పోతే వదులు జాయింటు. రోహిణి కార్తెలో మధ్యాహ్నాలు మాత్రమే పోయి సాయంత్రానికి వస్తే, ఎండకి మరిగే డాబా మీది జాయింటో, వీధి యాంప్లిఫయరో. వేడికి వైరులో నష్టం కూడా కాస్త పెరుగుతుంది, అంచు మీద ఉన్న ఇంటికి ఆ కాస్తే చాలు. బాక్సుని మూసిన షోకేసులో అల్లిక గుడ్డ కప్పి పెడితే దానికీ ఉక్కపోస్తుంది, గుడ్డ తీసేయండి.

కొండ మీది ఇళ్ళ సంగతి వేరు. వైరు మెట్ల వెంట చాలా దూరం ఎక్కాలి, మధ్యలో కోతులు లాగుతాయి. అక్కడ కింది నుంచి పైదాకా ఆర్‌జీ-11 లావు వైరు గానీ, ఫైబర్ గానీ వేయించమని వీధిలో అందరూ కలిసి అడగండి. ఒక్క ఇల్లు అడిగితే కదలదు, పదిళ్ళు అడిగితే కదులుతుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక బాక్సులు మార్చుకున్నవాళ్ళు చాలామంది వైరు మార్చుకోలేదు. పైకి బాగానే ఉంటుంది. చివర కోసి చూస్తే జల్లెడ బొగ్గులా నల్లగా ఉంటుంది, నీరు లోపలి పోగుల వెంట గజాల దూరం పాకి ఉంటుంది. అలాంటి వైరుకి పిన్ను ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. చివర అడుగు కోసినా, రెండడుగులు కోసినా నలుపే కనిపిస్తే ఆ ముక్క మొత్తం తీసేయండి.

కరెంటు పోయింది, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాను తిరుగుతోంది, టీవీ వెలుగుతోంది, బొమ్మ మాత్రం లేదు. వీధిలో మా నోడ్‌కీ (సిగ్నల్‌ని ఇళ్ళకి పంచే పెట్టె) కరెంటు కావాలి, దాని బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగండి.

చెయ్యి పెట్టకూడనివి

పిన్ను ముట్టుకుంటే జిల్లుమంటోందా? వదిలేయండి, బాక్సు ప్లగ్ తీసి మాకు చెప్పండి. ఎక్కడో ఎర్తింగ్ తేడా ఉంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. స్తంభాల మీద మా వైర్లు కరెంటు తీగల పక్కనే పోతాయి. వేలాడుతున్న వైరుని కర్రతో కూడా నెట్టకండి. ఉరుములు దగ్గరపడక ముందే కరెంటు ప్లగ్ ఒక్కటే తీస్తే సరిపోదు, కేబుల్ పిన్ను కూడా విప్పేయండి. పిడుగు రెండు దారుల్లోనూ వస్తుంది.

ఇంటికి వచ్చేది ఫైబర్ అయితే, ఏపీ ఫైబర్‌నెట్ తరహా ఐపీటీవీ (నెట్ ద్వారా వచ్చే టీవీ) బాక్సు అయితే, పైన చెప్పిన స్ప్లిటర్ లెక్కలు వర్తించవు. అక్కడ సన్నటి పసుపు వైరు ఎక్కడా చిన్న చుట్టగా మడతపడకుండా చూడండి, మోడెమ్ మీద ఎర్ర లైటు ఉందేమో చూడండి, అంతే. ఆ వైరు చివర కళ్ళ దగ్గర పెట్టుకుని చూడకండి.

ఇవన్నీ చూశాక కూడా తేడా మా వైపే అని తేలితే ఫిర్యాదు ఇవ్వండి. టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబరు (ఫిర్యాదు గుర్తింపు నంబరు) ఇవ్వాలి, అడిగి రాసుకోండి. చెప్పాల్సింది ఇంత: ఏ ఛానళ్ళు పోతున్నాయి, ఏ టైములో, స్ప్లిటర్ తీసి నేరుగా పెడితే ఎలా ఉంది, పక్కింట్లో ఎలా ఉంది. ఈ నాలుగూ చెప్పినవాళ్ళ ఇంటికి మేము సరైన సామాను పట్టుకుని వస్తాం. చెప్పకపోతే ఒకసారి చూడడానికి, ఇంకోసారి చెయ్యడానికి రావాలి.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, రంగులు వేయిస్తున్నవాళ్ళు ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి: ప్రతి గదికీ గుమ్మం దగ్గరి ఒకే పెట్టెలోంచి విడివిడిగా ఆర్‌జీ-6 వైరు, దానితోపాటు ఒక నెట్ కేబుల్, కరెంటు వైర్లు లేని వేరే పైపులో. గోడలో ఎక్కడా జాయింటు పెట్టొద్దని గట్టిగా చెప్పండి, ప్లాస్టరింగ్ చేసే రోజు దగ్గరుండి చూడండి.